ఎనిమిది గళ్లు

చంద్రపూర్ పోటీకి ఇంకా పదకొండు రోజులు.
సిరోంచలో కరెంటు ఎప్పుడొస్తదో
కరెంటుకే తెల్వదు.
గేడాం సర్ టేబులు మీద మా బండి:
టిఫిన్ డబ్బా మూత ఒళ్లు, చెప్పు రబ్బరు టైర్లు,
అయిదు కళ్లలో ఒకటి పుట్టుగుడ్డిది.
ఇంకోటి నాగపూర్ నుంచి వచ్చేసరికి
పోటీ అయిపోతది.

సరే, నాలుగిటితోనే చూడమన్నం.
గుడ్డిదాన్ని కుడి కొసకు జరిపినం.
ఆ పక్క మలుపును మిగిలినవి ఊహించాలె,
ప్రాణహిత నీళ్ల రంగు చూసి
ఎగువన ఎక్కడ వాన పడ్డదో
రేవు కాడోళ్లు చెప్పినట్టు.

ఎడమ మోటారు సోమరిది.
నూటికి నూరిచ్చినా డెబ్బైకే ఒగరుస్తది,
బండి నల్లగీత ఇడిచి గోడ దిక్కు పోతది.
నాలుగు రోజులు దాన్నే తిట్టుకుంట
తనుజ లెక్కలేసింది, నేను కోడు తిరగరాసిన.
పంపుసెట్లకు వైండింగ్ కట్టే ఓదెలు తాత
రాగితీగ పండ్ల నడుమ పట్టుకొనే అన్నడు:
"కుంటోనితోని సంతకు పోతే
ఎవడు నడక తగ్గించుకోవాలె?"

కుడిదానికి నూట డెబ్బై ఎనిమిది.
ఒక్క అంకె.
బండి గీత మీద కూసున్నది.

అసలు ఇబ్బంది జాగా.
చిప్పుకు జ్ఞాపకం రెండు కిలోబైట్లు;
మా తరగతి హాజరు పట్టీ కూడా పట్టదు.
ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు.
మరాఠీకి మూడు. తెలుగుకూ మూడు.
బస్సు చార్జీ చెప్పినట్టే చెప్పిండు సర్.
బళ్లె మరాఠీ, ఇంట్ల తెలుగు, కోడుల ఇంగ్లిష్,
పిల్లల టికెట్ మాత్రం ఒక్కదానికే.

బండి నుదుట చిన్న తెర.
దానికి మన అక్షరాలు రావు,
మనమే గీసియ్యాలె:
అయిదు చుక్కల వెడల్పు, ఎనిమిది చుక్కల ఎత్తు.
అసొంటి గళ్లు ఎనిమిదే.
గళ్ల నోటుబుక్కుల ఊరి పేరు మొదలుపెట్టినం.
సి కి గుడి పెడితే నెత్తి తెగింది.
రో ఇరుకై ఒకవైపు ఒంగింది.
సున్న ఒక్కటే సుఖంగ ఒదిగింది.
చ ను తనుజ తొమ్మిదిసార్లు తుడిచింది.

"మరి నాకేది?" అన్నడు లాలసు.
వాడి మాడియా మాటకు మా బళ్లె అక్షరం లేదు.
వాడే పెన్సిల్ గుంజుకొని
ఒక గడిల ఇప్పపువ్వు గీసిండు.
పదిహేడు చుక్కలు.

ఆ రాత్రి బండి సగం దారిల బిగుసుకపోయింది.
జాగా అయిపోయింది.
స్వాగతం తీసేసినం.
బడి పేరు తీసేసినం.
'మలుపు దొరికింది', 'బ్యాటరీ తక్కువ',
అది మాతోని చెప్పుకునే మాటలన్నీ తీసేసినం.
మళ్లా బిగుసుకున్నది.
సిరోంచను నేనే తీసేసిన.
నాలుగు గళ్లు, ముప్పై రెండు బైట్లు.
ఎవరూ మాట్లాడలే.
పువ్వు ఎనిమిది బైట్లు.
దాని మీదికి చెయ్యి పోలే.

చిప్పు చదవని మాటకు మాత్రం బరువు లేదు.
రెండు ఏటవాలు గీతలు పెట్టి
పక్కన ఎంత రాసుకున్నా దానికి ఎక్కదు.
అక్కడ రాసిన, కరువు తీరేటట్టు, తెలుగుల:
ఇది గుడ్డి కన్ను, తిట్టొద్దు.
ఇది తాత చెప్పిన అంకె, ముట్టొద్దు.
ఇక్కడ ఊరి పేరుండె.

పందొమ్మిది జట్లల మేం ఏడోవాళ్లం.
జడ్జి మేడం కోడు కిందికి జరుపుకుంట పోయి
ఒక్కకాడ ఆగింది.
"హే కాయ్ లిహిలయ్?"
మరాఠీల చెప్పుకుంట పోయిన.
'ముట్టొద్దు' కాడ నవ్వింది.
ఆఖరి వరుస నేను చదవలే.

అల్లాపల్లి దాటినంక బస్సుల దీపాలు తీసేసిండ్రు.
లాలసు ఒడిల బండి, స్విచ్చు ఏసే ఉన్నది.
తెర మీద ఒక్క పువ్వు.
బ్యాటరీ దండుగ అని
ఎవరూ అనలే.